గాలి కొట్టిన రాక్షసుడు

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా, మధ్యలో వనపర్తిని కూడా కలుపుకుని వెతికినా, గాలితో కలబడి దానికి మట్టి కరిపించిన మనిషి నేనొక్కణ్నే. గాలి అంటే ఆకుల్ని కదిలించేది కాదు. మా వైపు పొలిమేరల్లో కంటికి కనబడకుండా తిరిగే ఒక జాతి ఉంది. దానికి ఒళ్లు లేదు, కాళ్లు లేవు, కోపం మాత్రం ఉంది. మనిషికి మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పడిపోయినా అది వచ్చి కొట్టిపోయిందని చెప్పుకుంటారు. జబ్బు పేరూ గాలే, జబ్బు తెచ్చినదాని పేరూ గాలే. అలాంటిదొకటి కృష్ణ ఒడ్డున నా మీద పడింది. నేను దాని జుట్టు దొరకబుచ్చుకున్నాను. మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా పెనుగులాడాం. మూడో రోజు పొద్దు వాలేసరికి అది నా కాళ్ల మీద పడి, మళ్లీ నీ జోలికి రానని ఒట్టు పెట్టి, ఏరు దాటి కర్ణాటకలోకి పారిపోయింది.

ఈ ముచ్చట నేను ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతూ చాలామందికి చెప్పాను. వినేవాడి కళ్లు పెద్దవైతే మూడు రోజులు ఐదయ్యేవి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి జర కిందికి దిగాలి. గాలికి జుట్టు లేదు. ఒళ్లే లేదని పైన నేనే రాశాను. కృష్ణ ఒడ్డు కూడా కాదు, మా ఇంటి ముందరి నల్లా. మూడు రోజులూ కాదు, ఒక ఎండాకాలంలో సగం.

ముందు నేనెవరో చెప్పాలి. నేను రాక్షసుణ్ని. ఏడాదిలో మిగతా రోజులు వేరుశనగ వేస్తాను, జొన్న వేస్తాను, మా ఆవిడ చేత తిట్లు తింటాను. జాతర రోజు మాత్రం మా ఊరి భాగోతంలో రాక్షసుణ్ని. మీసం మొలిచిన ఏడాది ఈ వేషం కట్టాను. ఇప్పుడు ఆ మీసం మొత్తం తెల్లబడింది. వేషం ఇంకొకరికి ఇవ్వలేదు.

ఆట పొద్దు గూకినాక మొదలవుతుంది. రాక్షసుడి పని మాత్రం మధ్యాహ్నం నుంచే ఉంటుంది. మొహానికి రంగు పూసుకుని, కిరీటం, భుజకీర్తులు కట్టుకుని, డప్పు వెంట రాగా అతను వాడవాడా తిరగాలి. నిద్రలో ఉలిక్కిపడి లేచే పసిపిల్లల్ని, ఊరికే జడుసుకునే పిల్లల్ని తల్లులు ఎత్తుకుని గడపల్లో నిలబడతారు. రాక్షసుడు ఆ పిల్ల ముందు ఒక్క గర్జన గర్జిస్తాడు. పిల్ల కెవ్వుమంటుంది. అప్పుడు వంగి ఆ పిల్ల నుదుటి మీద ఊదుతాడు. జుట్టు కదలాలి. జుట్టు కదిలితేనే ఊదినట్టు. అంత పెద్ద రాక్షసుడి ఊపిరి తగిలిన పిల్లకు ఇక చిన్నాచితకా దయ్యాలంటే లెక్క ఉండదని మావాళ్ల నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. పిల్లను ముందు దవాఖానలో చూపించి, తర్వాత మసీదు మెట్ల దగ్గర ఊదించి, చివరికి నా దగ్గరికి తెచ్చే తల్లులు మా మండలమంతా ఉన్నారు. మూడింటిలో ఏది పనిచేసిందో వాళ్లు అడగరు. పేరు నేను కొట్టేసేవాణ్ని.

ఆ ఎండాకాలం జాతర ఇంకా నెలా పదిహేను రోజులుందనగా ఒక పొద్దున నేను నల్లా దగ్గర నోరు పుక్కిలిస్తున్నాను. నీళ్లు నోట్లో నిలవడం లేదు. ఎడమ పక్కనుంచి అంగీ మీదికి కారుతున్నాయి. మా ఆవిడ వాకిట్లో చేట పట్టుకుని జొన్నలు చెరుగుతున్నది.

"ఏందయ్యా ఆ మూతి? పొద్దుగాల్నే మొదలువెట్టినవా?" అంది.

నేనేం చేయడం లేదని చెప్పబోయాను. నోట్లోంచి మాట వచ్చే బదులు చప్పుడు వచ్చింది.

"ఊకో. పెండ్లైనకాడి సంది సూస్తున్న నీ ఏశాలు. సక్కగ పుక్కిలించు."

తప్పు ఆమెది కాదు. జాతర దగ్గర పడితే నేను ఇంట్లో మూతి ఒక పక్కకు లాగి, కన్నెర్రజేసి సాధన చేస్తుంటాను. అన్నం వడ్డిస్తుంటే కూడా చేస్తాను. అందుకని ఆ పొద్దున ఊళ్లో ఒక్కరూ నన్ను నమ్మలేదు. మా బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, భాగోతంలో నా మంత్రి వేషం వాడిదే. వాడు నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చూశాడు.

"బావా, ఈ మొఖం మస్తున్నది. నిరుటి దానికంటె గిదే నయ్యం. ఈసారి గిదే వెట్టు" అన్నాడు. ఫోన్ తీసి వీడియో పట్టి స్టేటస్‌లో పెట్టాడు. నేను చేతులు ఊపి వద్దంటుంటే, "అబ్బ, ఆ చేతులు గూడ" అన్నాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి గద్వాల నుంచి, వడ్డేపల్లి నుంచి మెచ్చుకుంటూ ఫోన్లు. జన్మలో నా నటనకు అంత పేరు రాలేదు.

మా ఆవిడ చెరగడం అయిపోయి, చేట ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని చెమట తుడుచుకుంటున్నది. ఒక ఈగ వచ్చి నా ఎడమ కంటి కొసన వాలింది. నేను రెప్ప వేయలేదు. వేద్దామనే ఉంది, రెప్ప నా మాట వినడం లేదు. ఈగ మెల్లగా నడుచుకుంటూ కంటి లోపలి దాకా వచ్చింది. మా ఆవిడ ఒళ్లోని చేట జారి జొన్నలు వాకిలంతా పడ్డాయి. దగ్గరికొచ్చి ఈగను తోలి, తన అరచేతిని నా చెంప మీద పెట్టి చూసింది.

"ఏమయ్యా, నిజంగనేనా" అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

ఆ తర్వాత వాకిలి నిండా జనం. గాలి కొట్టిందని అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఎందుకు కొట్టిందో మా బావమరిది విప్పి చెప్పాడు. నిరుడు ఆటలో నేను చచ్చి పడి ఉన్నప్పుడు ఒక కన్ను తెరిచి పక్కవాణ్ని బీడీ అడిగానట. చచ్చిన రాక్షసుడు బీడీ తాగితే అసలు రాక్షసుడికి కోపం రాదా అని వాడి వాదం. బీడీ అడిగిన మాట నిజమే. యుద్ధం చాలాసేపు సాగింది మరి.

ఎవరో పావురం కూర తినమన్నారు. ఎవరో అలంపురం అవతల ఒక మంత్రగాడున్నాడన్నారు. అప్పుడు మా హార్మోనియం సాయిబు లేచాడు. ఆత్మకూరులో దర్జీ పని చేస్తాడు, మా భాగోతానికి పాట ఎత్తుకునేది ఆయనే. నాకంటే రెండేళ్లు పెద్ద.

"పరేషాన్ గాకు భాయ్. ఊదిపిద్దాం, మంత్రం గూడ ఏపిద్దాం. మొదలు వనపర్తి దవాఖాన. బస్సు ఉన్నది, లేవు" అన్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మనుమరాలి వయసు ఉంటుంది. చేతులు ఎత్తమంది, ఎత్తాను. నడవమంది, నడిచాను. నుదురు ముడత పెట్టమంటే కుడి పక్కే పడింది. రక్తపోటు చూసింది, రక్తం తీసింది.

"బుగ్గలు ఉబ్బించండి తాతా."

ఉబ్బించాను. ఎడమ పక్కనుంచి గాలి ఫుస్సున పోయింది.

ముఖానికి వచ్చే నరం ఒకటి వాచిందని, మెదడుకు వచ్చే పక్షవాతం కాదని, మందులు వెంటనే మొదలుపెడితే ఎక్కువమందికి తగ్గిపోతుందని, కొందరికి కొంచెం వంకర మిగులుతుందని చెప్పింది. కంట్లో వేసుకోవడానికి చుక్కల మందు రాసిచ్చింది. పడుకునేటప్పుడు రెప్ప మూసి పట్టీ వేసుకోమంది.

"బస్సుల కిటికీ పక్కన కూసుంటే కొట్టిందంటున్నరు" అని సాయిబు అడిగాడు.

"ఎందుకొచ్చిందో చాలాసార్లు మాకూ తెలియదు పెద్దాయనా" అంది ఆ పిల్ల. ఆ మాట నాకు నచ్చింది. తెలియదని చెప్పడానికి మా ఊళ్లో ఒక్కరికీ నోరు రాలేదు.

నేను అడగవలసింది ఒకటే ఉంది. వంకర నోటితో కూడబలుక్కుని అడిగాను. "జాతర నాటికి ఊదొస్తదా?"

"ఏం ఊదాలి?"

"పిల్లల్ని."

ఆమె సాయిబు వైపు చూసింది. సాయిబు సంగతంతా విప్పి చెప్పాడు, గర్జన దగ్గర్నుంచి జుట్టు కదలడం దాకా. ఆమె నవ్వలేదు. "తారీఖు చెప్పి మాట ఇవ్వలేను. రోజూ అద్దం ముందు కూర్చుని మెల్లగా ఊదండి. ప, బ, మ అనండి. బలవంతం చేయొద్దు" అంది.

తిరుగు బస్సులోనే మా మనుమరాలు నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేసింది. ఏడాది లోపు బిడ్డ తల్లి. నా సంగతి విని ఏడ్చి, తర్వాత తన సంగతి చెప్పింది. బిడ్డ నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నదట. డాక్టరు చూసి అంతా బాగానే ఉంది, పెద్దయ్యే కొద్దీ పోతుందన్నాడట.

"అయినా గాని తాతా, జాతరకు వస్త. నువ్వే ఊదాలె. నన్ను ఊదింది నువ్వే, మా అమ్మను ఊదింది నువ్వే."

నేను ఊఁ అన్నాను. నా నోట ఆ రోజు సక్కగా వచ్చిన అక్షరం అదొక్కటే.

ఇక్కడ నేను ప్రజలకు చెప్పుకునే కథలో సింహంలా పోరాడినట్టు ఉంటుంది. నిజానికి వారం రోజులు నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. అన్నం తింటే సగం బుగ్గలో దాక్కునేది. నీళ్లు తాగడానికి మూతికి వేలు అడ్డం పెట్టుకోవాలి. అద్దంలో చూసుకుంటే కుడి పక్క నేను, ఎడమ పక్క ఎవరో ముసలాయన.

జాతర దగ్గర పడ్డాక మా భాగోతం వాళ్లందరూ సాయిబు దుకాణంలో కూర్చున్నారు. బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఒక్కసారికి నువ్వు కూసో బావా. నేనేస్త. పద్యాలన్ని నోటికొచ్చు."

"పద్యాలొస్తె సాలదురా. పిల్లలు ఏడిస్తె నీకే ఏడుపొస్తది గద" అన్నాను. చాలావరకు అర్థమయ్యేలాగే అన్నాను.

సాయిబు గొడవ పెరగనివ్వలేదు. కోటు భుజాల్లో పెట్టే దూది కొంచెం చిదిమి కత్తిరించే బల్ల మీద పెట్టాడు. "పిల్ల జుట్టు అనుకోండ్రి. ఎవరు కదిలిస్తె వాళ్లదే ఏశం."

బావమరిది ఊదాడు. దూది పోయింది, దానితోపాటు ఒకామె జాకెట్టు కొలతల కాగితం, రెండు బొత్తాలు బయట రోడ్డు మీద పడ్డాయి. నేను ఊదాను. దూది తడిసింది. కదల్లేదు.

సాయిబు దూదిని తీసి చేతిలో నలిపాడు, నా మొహం చూడలేదు. వేషం బావమరిదికి పోయింది.

ఇంటికొచ్చి మా ఆవిడతో, పోనీలే పాపం అని నేనే ఇచ్చేశానన్నాను.

"ఇచ్చినవా, గుంజుకున్నరా?" అంది.

ఆమె లోపలికి పోయి ఊదుగొట్టం తెచ్చి నా చేతిలో పెట్టింది. స్నానానికి నీళ్లు కాచే పొయ్యి మా పెరట్లో ఉంది. "ఇగ రోజు నీళ్లు నువ్వే కాగవెట్టు. మంట లేస్తె తానం, లేవకుంటె లేదు" అంది.

పొగ తగలకుండా నా ఎడమ కంటికి తడిగుడ్డ కట్టింది. పక్కన పీట వేసుకుని కూర్చుని, నా మూతి ఎడమ కొసను తన బొటనవేలితో నొక్కి పట్టుకుంది. నేను ఊదాను. నిప్పు కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంది. ఆ రోజు ఇద్దరం చన్నీళ్లే పోసుకున్నాం. మర్నాడూ అంతే. ఆమె వేలు ఎప్పుడు ఎంత బిగించాలో, ఎప్పుడు వదలాలో ఆమెకే తెలుసు. నేను ఊదుతుంటే ఆమె కూడా తన మూతి ముందుకు పెట్టి ఊదేది, తనకు తెలియకుండానే. "ప అను" అనేది. "ఫ" అనేవాణ్ని. "ప అనుమంటె ఫ అంటవేంది, నీది పట్నమా" అనేది.

ఒక పొద్దున గుడ్డ కట్టడానికి ముందే పొగ మా వైపు తిరిగింది. నేను దగ్గి, కళ్లు నులుముకుంటుంటే ఆమె నా చేతులు పట్టుకుని ఆపింది.

"మూసినవ్" అంది. "రెండు మూసినవ్. ఇంగోసారి మూయి."

మూశాను. మా పెరట్లో ఆ ముసల్ది ఎగిరి గంతు వేసిందని రాస్తే నన్ను చంపుతుంది. వేసింది.

ఆ తర్వాత మూతి కూడా కొంచెం కొంచెం దారికి వచ్చింది. ఒకరోజు ఆమె వేలు తీసేసినా మంట లేచింది. నీళ్లు సలసల కాగాయి. నేను వీపు మండేంత వేడినీళ్లు పోసుకున్నాను. గాలిని ఓడించానని ఊరికి చెప్పింది ఆ రోజే. అయితే వేషం మాత్రం వాడి దగ్గరే ఉంది, అడగడానికి నాకు మనసొప్పలేదు. వాడు అప్పటికే రంగు కొని, భుజకీర్తులు తన కొలతకు బిగించుకున్నాడు. మొదటిసారి కిరీటం పెట్టుకున్న రోజు నేనెలా ఉన్నానో వాడూ అలాగే ఉన్నాడు.

జాతర రోజు మధ్యాహ్నం డప్పు మోగింది. మనుమరాలు పొద్దున్నే బిడ్డతో దిగింది. నేను లుంగీ, బనియనుతో అరుగు మీద కూర్చుని, నాకేం పట్టనట్టు చుట్ట వెలిగించుకుంటున్నాను. డప్పు పై వాడ నుంచి వస్తున్నది. మొదటి గడప దగ్గర బావమరిది గర్జన వినబడింది. బాగుంది, అబద్ధం చెప్పను. పిల్ల కెవ్వుమంది. తర్వాత ఊదే చోట డప్పు ఆగింది, ఆగే ఉండిపోయింది.

ఏమైందో చూసొచ్చినవాళ్లు చెప్పారు. పిల్ల ఏడవగానే వాడు కిరీటంతో సహా కింద కూర్చుని, "ఏడువకు తల్లీ, నేనే, మామను" అంటూ బుజ్జగించాడట. రెండో గడపలోనూ అదే. మూడో గడపలో ఒక తల్లి బిడ్డను లోపలికి తీసుకుపోతూ, "గీ రాక్షసుడు సముదాయిస్తుండు. గీయన ఊపిరికి దోమ గూడ బెదరదు" అందట.

డప్పు మా ఇంటి ముందు ఆగింది. బావమరిది రంగు చెమటకు కారుతున్నది. కిరీటం తీసి నా నెత్తి మీద పెట్టాడు.

"నాతోని గాదు బావా. వాళ్ల కండ్లళ్ల నీళ్లు సూడలేను. దూదైతె ఊదుత."

ఊరంతా అక్కడే ఉంది. మనుమరాలు బిడ్డను ఎత్తుకుని గడపలో నిలబడింది. నా మొహం మీద రంగు లేదు. లుంగీ, బనియను, నెత్తిన కిరీటం. మూతి ఎడమ కొస ఇంకా కొంచెం కిందికే ఉంది. నేను చుట్ట అరుగు మీద పెట్టి లేచాను. గర్జించాను. ఆ గర్జన విని పక్కింటి గొర్రెలు దడి దూకి చేల్లోకి పారిపోయాయి. సరే, ఒక గొర్రె. అది కూడా అప్పటికే పారిపోతూ ఉంది.

బిడ్డ కెవ్వుమంది. నేను వంగాను. ఊపిరి పట్టాను. ఎడమ కొసన మా ఆవిడ వేలు లేదు, పెదవి ఒక్కటే ఉంది. అది జారిపోకుండా బిగించి ఊదాను. బిడ్డ నుదుటి మీద నల్లటి మెత్తటి జుట్టు లేచి వెనక్కి పడుకుంది. అక్కడున్న ఆడవాళ్లంతా చూశారు. డప్పు ఒక్కసారిగా దద్దరిల్లింది. సాయిబు తన టోపీ తీసి గాల్లో ఊపాడు. మా బావమరిది ఏడుస్తూ నవ్వుతూ, మంత్రి వేషం తనదేనని అందరికీ గుర్తుచేస్తూ నా ముందు నడిచాడు. వాడవాడా తిరిగాను. లోపలికి పోయిన తల్లులు బిడ్డలతో బయటికొచ్చారు. అందర్నీ ఊదాను. పొద్దు గూకేవేళకు నా నోట్లో చుక్క తడి లేదు. ఆనాడు ఈ మూడు జిల్లాల్లో నాకంటే పెద్ద రాక్షసుడు లేడు, ఈ మాటలో ఒక్క అక్షరం కూడా సాగదీయలేదు.

నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది మాత్రం ఆ మొదటి ఊదు. నా ఊపిరి తగలగానే బిడ్డ ఏడుపు ఠక్కున ఆపింది. నా కళ్లలోకి సూటిగా చూసింది. ముత్తాతను గుర్తుపట్టినట్టు, గెలిచావని చెప్పినట్టు బోసినోటితో నవ్వింది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"జుట్టు కదిలింది నిజం" అంది. "నవ్వలే. నీ ఉమ్మి వడ్డది దాని ముక్కు మీద. ఇంగ గట్టిగ ఏడిసింది. తుడిసింది నేను."